రూతు అడిగిన ఇసక గడ్డలు

మా తెనాలి వైపు రైతుకి తుంగ అంటే ఎంత మంటో చెప్పలేను. మా నాన్న బతికున్నన్నాళ్ళూ చేలో తుంగ కనపడితే దాని వంశాన్నంతా తిట్టేవాడు. పీకితే పోదు, తగలబెడితే పోదు, నీళ్ళు పెడితే ఇంకా కులుకుతుంది. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, పైగా హైస్కూల్లో సైన్సు మేష్టర్ని, రైలెక్కి నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డుకి పోయి తుంగ గడ్డలు తవ్వుకున్నానంటే మా స్టాఫ్ రూములో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. బయల్దేరేటప్పుడు నేను పోయేది తుంగ కోసమని నాకూ తెలియదు.

కారణం మా ఆవిడ రూతు. తొలి చూలు, ఆరో నెల. మొదటి మూడు నెలలు తిండి సయించకపోవడం అందరికీ ఉండేదేనన్నారు. ఆరో నెల వచ్చినా ఆమెకి అన్నం వాసన పడలేదు. మా అమ్మ పెట్టిన పచ్చళ్ళు, పక్కింటివాళ్ళు పంపిన పులిహోర, నేను తెచ్చిన బత్తాయిలు, దేన్ని చూసినా మొహం తిప్పుకునేది. కళ్ళ కింద గుంటలు పడ్డాయి. నాకు లోపల భయంగా ఉండేది, పైకి మాత్రం విసుక్కునేవాణ్ణి. ఒక సాయంత్రం అలాగే విసుక్కుంటుంటే ఆమె గోడ వైపు తిరిగి, "చిన్నప్పుడు మా అమ్మ ఇసకలోంచి తవ్వి వేయించి పెట్టిన గడ్డలు తినాలనుంది" అంది.

పెళ్ళయిన మూడేళ్ళలో 'మా అమ్మ' అన్న మాట ఆమె నోట వినడం అదే మొదలు. రూతు నెల్లూరులో మిషను హాస్టల్లో పెరిగిన పిల్ల. నాలుగేళ్ళప్పుడు జ్వరంతో ఉన్న ఆమెని ఆసుపత్రిలో చేర్చినవాళ్ళు మళ్ళీ తిరిగి రాలేదు. రిజిస్టర్లో 'సముద్రపు ఒడ్డు పల్లె, పేరు తెలియదు' అని రాసి ఉందట. అంతకు మించి ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.

"ఏ గడ్డలు? ఎలా ఉంటాయి?" అన్నాను.

"శనగ్గింజంత ఉంటాయి. పైన నల్ల పొట్టు. మా నాన్న జువ్వలదిన్నెకి చేపలు మోసుకుపోయేవాడు. అదొక్కటే ఊరి పేరు గుర్తుంది."

"అయితే గడ్డలతో పాటు మీవాళ్ళని కూడా వెతికొస్తాను" అన్నాను ఉత్సాహంగా.

ఆమె గబుక్కున లేచి కూర్చుంది. "వద్దు. వాళ్ళకి నేను కావాలనుంటే ఇన్నేళ్ళలో వాళ్ళే వచ్చేవాళ్ళు. గడ్డలు దొరికితే తీసుకురండి. మనుషుల్ని మాత్రం వెతకొద్దు."

సరేనన్నాను. ఆ మాట నిలబెట్టుకోలేదని ముందే ఒప్పేసుకుంటున్నాను. గుడ్ ఫ్రైడేకి, ఈస్టరుకి కలిపి నాలుగు రోజులు సెలవు దొరికింది. గురువారం పొద్దున పాసింజరెక్కాను.

బిట్రగుంట

జువ్వలదిన్నెకి దగ్గరి స్టేషను బిట్రగుంట. అక్కడి రైల్వే కాలనీలో మా పిన్ని కొడుకు యేసుదాసు ఉంటాడు, ఇంజనులో ఫైర్‌మను. ఊరంతా ఒక్క కొలతతో కట్టిన ఇళ్ళు, ఒక్క రంగు తలుపులు. వాడి ఇల్లు కనిపెట్టడానికి ముందు నేను రెండిళ్ళలోకి దర్జాగా పోయి కూర్చున్నాను. రెండో ఇంట్లో మంచినీళ్ళు కూడా ఇచ్చారు, తాగింతర్వాత ఎవరు కావాలని అడిగారు. తీగల మీద ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి పడుతోంది. ఆడవాళ్ళు దులిపి మళ్ళీ ఆరేస్తున్నారు, ఎవరికీ కోపం రావడం లేదు. మా ఊళ్ళో అయితే పంచాయతీ పెట్టేవాళ్ళు.

స్టేషను బయట టీ తాగి అణా ఇచ్చాను. నయా పైసలు వచ్చి ఏళ్ళు గడిచినా ఆ దుకాణంలో తగువు తీరలేదు. అణా అంటే ఆరు పైసలా, ఆరుంపావా, ఆ పావు ఎవరు వదులుకోవాలి అని అక్కడున్న నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. చివరికి దుకాణం ఆయన నా అణా నాకే ఇచ్చేసి, "రేపు రా సామీ, ఈలోపల తేల్చుకుంటాం" అన్నాడు.

గడ్డల సంగతి ఎత్తేసరికి అక్కడా అదే వరస. యేసుదాసు, "తాటి తేగలన్నా అవి! కాల్చుకుని తింటారు, నేనూ తిన్నాను" అన్నాడు. శనగ్గింజంత తేగ ఎక్కడుంటుందిరా అంటే ఆలోచనలో పడ్డాడు. పక్కింటి గార్డుగారు చెరువులో దొరికే అల్లి దుంపలన్నారు. ఆయన భార్య అడ్డం వచ్చి, అల్లి దుంప ఉసిరికాయంత ఉంటుందనీ, అది బురదలోది గానీ ఇసకలోది కాదనీ ఆయన్ని కూర్చోబెట్టింది. ఎండు చేపల గంప దింపుకుని వాకిట్లో కూర్చున్న ఒక ఆడమనిషి ఇదంతా విని నవ్వింది.

"ఏందబ్బా మీరు, చదువుకున్నోళ్ళు! అయ్యి ఇసక గడ్డలు. తుంగకి ఊరతాయి" అంది.

"తుంగా?" అన్నాను. "తుంగ చేదు కదమ్మా. అది కలుపు మొక్క. మనిషి తినేది కాదు."

"మీ ఊర్లో తినరేమో" అని ఆమె గంప సర్దుకుంది.

ఆమె పేరు పెంచలమ్మ, జువ్వలదిన్నె మనిషి. వారానికి రెండు సార్లు కాలనీకి చేపలు తెచ్చి అమ్ముతుంది. తెల్లారి ఖాళీగా పోయే బండిలో నన్ను ఎక్కించుకుపోతానంది. సైన్సు పుస్తకంలో ఉన్న తుంగకీ ఆమె చెప్పే తుంగకీ పొత్తు కుదరక నాకు తల తిరిగిపోయింది. ఆమెకే తెలియదని తీర్మానించుకుని పడుకున్నాను.

జువ్వలదిన్నె

మా వైపు ఏ ఊరికి పోయినా పక్కన కాలవ ఉంటుంది. ఇక్కడ తాటిచెట్లు, ఇసక, మళ్ళీ తాటిచెట్లు. బండి చక్రం సగం దాకా కూరుకుపోతుంటే దిగి తోస్తూ పోయాం. బండి కూలి అర్ధ రూపాయి ఇచ్చాను, తోసిన కూలి నాకెవరిస్తారని అడిగితే బండివాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ రోజు గుడ్ ఫ్రైడే. మూడు గంటల దాకా ఏమీ ముట్టనని రూతుకి మాటిచ్చాను. పెంచలమ్మ ఇంట్లో కానాగంత చేపల పులుసు పొయ్యి మీద ఉంది. మేము పులుసులో చింతపండు పోసి ఊరుకుంటాం, వాళ్ళు చింతపండు పోసి మళ్ళీ పచ్చి మామిడికాయ ముక్కలు కూడా వేస్తారు. ముందు రోజు వండిన పులుసే బాగుంటుందని దాన్ని వేరుగా దాచి పెడతారు. పన్నెండు గంటలకి ఆమె నిన్నటి పులుసూ సజ్జ సంగటీ నా ముందు పెట్టి, "మీ దేవుడు కూడా చేపలోళ్ళతోనే తిరిగినాడంట గదా, ఏమనుకోడులే, తిను" అంది. తిన్నాను. ఆ రోజు నేను చేసిన తప్పుల్లో అది చిన్నదే.

పెద్దది సాయంత్రం జరిగింది. పెంచలమ్మ వల బాగు చేసుకుంటుంటే ఆమెకి తెలియకుండా నేనే గడ్డలు తవ్వుకొచ్చి చూపిద్దామని బయల్దేరాను. ఊరి పక్కన ఉప్పు కాలవ గట్టు మీద తుంగ ఏపుగా ఉంది. మూడు పలకల కాడ, ఎర్రటి కంకి, మా చేలో ఉండేదే. చేతికర్రతో రెండు గంటలు తవ్వి తువ్వాలు నిండా గడ్డలు పోగేశాను. నల్ల పొట్టు ఉంది, చిన్నగా ఉన్నాయి, మంచి వాసన కూడా వస్తోంది. ఇంత తేలికైన పనికి ఇంత గందరగోళం ఎందుకు చేశారని అందరి మీదా జాలిపడ్డాను.

పెంచలమ్మ వాకిట్లో పది మంది ఉండగా మూట విప్పి, ఒకటి నోట్లో వేసుకుని గట్టిగా నమిలాను. చేదు నాలిక మీద నుంచి చెవుల దాకా ఎక్కింది. ఉమ్మితే పోలేదు, మజ్జిగ తాగితే పోలేదు. జనం వలలు వదిలేసి నవ్వారు.

"అవి తుంగముస్తెలు అయ్యోరా!" అంది పెంచలమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "నలుగు పిండిలో కలిపి ఒంటికి రుద్దుకునేటివి. నువ్వు లోపల రుద్దుకున్నావు."

తినే తుంగ వేరట. అది సన్నంగా, జానెడు ఎత్తు కూడా లేకుండా వట్టి ఇసకలో మొలుస్తుంది. ఎండలకి పైన కాడ ఎండిపోతే అడుగున గడ్డ ఊరిందని గుర్తు. పచ్చగా ఉన్నంత కాలం ఎవరూ తవ్వరు. నేనేమో పచ్చగా ఏపుగా ఉన్నదాన్ని చూసి తవ్వాను. పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని ఇంతకన్న చిన్న తప్పులకి బెంచీ ఎక్కించినవాణ్ణి.

ఇసక బీడు

శనివారం పొద్దున్నే పెంచలమ్మ నన్ను ఒడ్డు వెంబడి దక్షిణంగా తీసుకుపోయింది. నాలుగు మైళ్ళ దూరంలో ఒక చిన్న పల్లె, దాని వెనక పెద్ద ఇసక బీడు. ఆ పల్లె పేరు రాయడం లేదు. ఇందులో రాసిన మనుషుల పేర్లు కూడా మార్చాను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

బీడంతా ఎండు గడ్డి. పదిమంది ఆడవాళ్ళు వంగి తవ్వుతున్నారు. చేతిలో మూరెడు తవ్వుకోల, పక్కన చేట. ఇసకని తవ్వి చేటలో పోసి ఆడిస్తే ఇసక జారిపోయి నాలుగు గడ్డలు మిగులుతాయి. నలిపితే నల్ల పొట్టు రాలి లోపల తెల్లగా ఉంది. అక్కడే చితుకులు రాజేసి, పెంకులో ఇసక పోసి వేయిస్తున్నారు. ఒకావిడ నాలుగు నా చేతిలో పోసింది. నిన్నటి చేదు తలుచుకుని భయపడుతూనే నోట్లో వేసుకున్నాను. కాల్చిన చిలగడదుంపకీ వేయించిన శనగ్గింజకీ మధ్యలో ఉంది రుచి. మా నాన్న ఉంటే నా మొహం చూసేవాడు కాదు.

రూపాయి నోటు తీసి రెండు సేర్లు ఇమ్మన్నాను. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అమ్మంగదా" అంది ఒకావిడ. "దీనికి డబ్బులు తీసుకుంటే మళ్ళేడు ఊరదు. నువ్వు తవ్వుకో, ఎవరూ వద్దనరు. లేకుంటే మావోళ్ళు ఎవరన్నా అయితే ఇస్తాం."

"కొన్నట్టు కాదమ్మా, ఊరికే ఏదో..." అని నసిగాను. నోటు జేబులో పెట్టుకోమంది. డబ్బులిస్తే రాని వస్తువు మా తెనాలిలో ఉన్నట్టు నాకు గుర్తు లేదు, ఏం చెయ్యాలో తోచలేదు. తవ్వుకోల అరువు తీసుకుని కూర్చున్నాను. గంటసేపట్లో గుప్పెడు గడ్డలు వచ్చాయి, వేలు తెగింది.

అప్పుడు చూశాను వాళ్ళు చేసే పని. ఒక గుంత అయిపోగానే అందులో దొరికిన పిల్ల గడ్డల్ని తిరిగి అందులోనే వేసి ఇసక కప్పుతున్నారు. ఒక ఎండు తుంగ కాడని వంచి ముడి వేసి ఆ కప్పిన చోట గుచ్చుతున్నారు. ముడి ఉన్న చోట రెండేళ్ళ దాకా ఇంకెవరూ తవ్వరట. ముడి ఇంటికొక తీరుగా ఉంటుంది. ఒకరిది ఒంటి ముడి, ఒకరిది ఉచ్చు, ఒకరిది జడ. ఎవరి ముడి ఎవరిదో దూరం నుంచే చెబుతున్నారు. ఇంత తెలివైన ఏర్పాటు కాగితం మీద ఎక్కడా లేదే అని ముచ్చటపడి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను.

ఒక ముడి దగ్గర ఆగిపోయాను. కాడని రెండు చుట్లు చుట్టి, కొస వెనక్కి మడిచి, రెండో చుట్టులోంచి దూర్చిన ముడి. అది నాకు తెలుసు. రూతు ఊరికే కూర్చుంటే చేతికి దొరికినదానికల్లా ఆ ముడి వేస్తుంది. చీపురు పుల్లలకి, నా పంచె అంచు దారాలకి, ఒకసారి నేను దిద్దాల్సిన పరీక్ష పేపర్లు కట్టిన పురికొసకి కూడా. విప్పలేక నేను కసిరితే, "ఎప్పుడు వేశానో నాకే తెలీదండీ" అనేది. ఎక్కడ నేర్చుకున్నావని అడగాలని నాకు ఏనాడూ తోచలేదు.

"ఈ ముడి ఎవరిది?" అని అరిచినట్టే అడిగాను.

"నాగూరమ్మది" అన్నారు. యాభై ఏళ్ళు దాటిన మనిషి ఒకామె తల ఎత్తి చూసింది. సన్నగా, నల్లగా, ఎండకి కళ్ళు చికిలించుకుని ఉంది. రూతు పోలిక ఉందో లేదో ఎంత చూసినా నాకు తెలియలేదు. ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు.

ఇక్కడ తెలివైనవాడైతే పక్కకి పిలిచి మెల్లగా అడుగుతాడు. నేను పదిమంది మధ్య నిలబడి క్లాసులో ప్రశ్న వేసినట్టు వేశాను.

"అమ్మా, మీకు నెల్లూరు ఆసుపత్రిలో వదిలేసిన కూతురు ఉందా? నేను ఆమె భర్తని. ఆమెకిప్పుడు ఆరో నెల. ఈ గడ్డలు తినాలని అడిగింది."

తవ్వుకోలల చప్పుడు ఆగిపోయింది. అందరూ నాగూరమ్మ వైపు చూశారు. ఆమె చేటలో ఇసక ఆడించడం ఆపలేదు.

"నాకు కూతురు లేదు" అంది. "ఉండె. సచ్చిపొయ్యింది."

"కానీ ఆ ముడి..."

"ఆ ముడి మా ఊళ్ళో మూడిండ్లలో ఏస్తారు. మా అత్త కూతుళ్ళకీ కోడళ్ళకీ అందరికీ నేర్పింది. పో అబ్బయ్యా, ఎండెక్కతా ఉండాది."

ఆ తర్వాత నాతో ఎవరూ మాట్లాడలేదు. ఇందాక గడ్డలు పెట్టినావిడ కూడా మొహం పక్కకి తిప్పుకుంది. నా గుప్పెడు గడ్డలు జేబు రుమాలులో కట్టుకుని తలవంచుకుని తిరిగొచ్చాను.

తిరుగు దారి

రెండు మైళ్ళు నడిచాక పెంచలమ్మ నా మీద విరుచుకుపడింది.

"అంతమందిలో అడిగేదేనా అయ్యోరా? నీకు బుద్ధుందా?"

లేదన్నాను. అప్పుడు చెప్పింది. నాగూరమ్మ మొగుడు తుపాను గాలికి సముద్రంలో పొయ్యాడట. ఆ ఏడే ఆమె కూతురికి జ్వరం వచ్చిందట. ఊళ్ళో ఎవరూ సాయం పోలేదు, ఎవరికీ తినడానికి కూడు లేదు. ఆమె బిడ్డని భుజాన వేసుకుని నెల్లూరు పోయింది. ఇరవై రోజులకి ఒక్కతే తిరిగొచ్చి, బిడ్డ చచ్చిపోయింది, ఆడనే పూడ్చేసినాను అంది. ఊరంతా కూర్చుని ఏడ్చారు. తర్వాత ఆమెకి మరిది ఇంట్లో చోటు దొరికింది, వాళ్ళ పిల్లల్ని సాకి పెద్ద చేసింది.

"మరి నిజంగానే చచ్చిపోయిందేమో" అన్నాను.

"పొయ్యిందేమో."

"లేకపోతే అక్కడ వదిలేసి అలా చెప్పిందేమో."

"చెప్పిందేమో. నేనేమన్నా చూసినానా? బతికుండే బిడ్డని ఇడిచిపెట్టి సచ్చిందని చెప్పినానని పదిమంది ముందర ఏ తల్లి ఒప్పుకుంటాది? పిచ్చి మారాజు!"

ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. రూతు మనుషుల్ని వెతకొద్దంది, వెతికాను. గడ్డలు తెమ్మంది, గుప్పెడు కూడా సరిగా తేలేకపోయాను. కొత్తగా ఒక ముసలి మనిషి మానిన పుండు గెలికి వచ్చాను. ఆమె నా అత్తగారో, ఏ సంబంధమూ లేని పరాయి మనిషో అదీ తెలియదు. పెంచలమ్మ ఇంట్లో ఆ పూట పెట్టిన నెత్తళ్ళ వేపుడు రుచి ఎలా ఉందో నన్నడగొద్దు.

కావలి బస్సు

ఆదివారం ఈస్టరు. ప్రార్థనకి పోవలసిన వేళకి ఊరి బయట కావలి బస్సు కోసం నిలబడ్డాను. బస్సు ఏడింటికన్నారు, ఏడున్నరకన్నారు, ఒకాయన ఈ రోజు రాదన్నాడు. పక్కన రోడ్డు అంచు మీద ఎవరో ఆడమనిషి కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటే బస్సు కోసమే అనుకున్నాను. దగ్గరికి పోయేదాకా నాగూరమ్మని గుర్తు పట్టలేదు.

మోకాళ్ళ దాకా తడి ఇసక అంటుకుని ఉంది. ఒళ్ళో పాత చీర ముక్కలో కట్టిన మూట ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఎన్నో నెలన్నావు?" అంది.

"ఆరు."

"కూడు తింటా ఉండాదా?"

"లేదమ్మా. ఏమీ తినడం లేదు."

"ఎడం కాలు వాస్తా ఉండాదా?"

రూతుకి వాస్తున్నది ఎడమ కాలే. సాయంత్రమయ్యేసరికి చెప్పు పట్టదు. ఆ సంగతి నేను బీడులో చెప్పలేదు, పెంచలమ్మకి చెప్పలేదు, యేసుదాసుకి కూడా చెప్పలేదు.

"వాస్తోంది. మీకెలా తెలుసు?"

"మా ఇంట్లో ఆడోళ్ళకి తొలి కాన్పుకి ఎడం కాలే వాస్తాది. నాకూ వాచినాది. ఉప్పు తగ్గించమను. ఇవి ఇసకలో ఏయించి, పొట్టు నలిపి, గుప్పెడే తినమను. ఎక్కువ తింటే కడుపుబ్బరం." మూట నా చేతికిచ్చింది. మూడు సేర్లకి తక్కువ ఉండదు. తెచ్చిన డబ్బులన్నీ పోసినా దొరకని సరుకు అది.

"అమ్మా, మరి నిన్న మీరు..."

"పేరేంది ఆ యమ్మికి?" అని నా మాటకి అడ్డం వచ్చింది.

"రూతు."

ఆమె ఆ పేరు ఒకసారి లోపల అనుకున్నట్టు పెదాలు కదిలించింది. మళ్ళీ అడుగుదామనుకునేసరికి బస్సొచ్చింది. కండక్టరు తొందర పెట్టాడు. నేను మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె అప్పటికే ఇసకలోకి దిగి ఒడ్డు వైపు పోతోంది. చెయ్యి ఊపాను, ఆమె చూడలేదు.

ఇంటికొచ్చాక

సోమవారం పొద్దున రూతు ఆ మూట విప్పింది. నేనేమీ నేర్పకుండానే పెరట్లోంచి ఇసక తెచ్చి, మూకుట్లో పోసి, గడ్డలు వేయించి, రెండు అరచేతుల మధ్య నలిపి పొట్టు ఊదేసింది. నాలుగేళ్ళ పిల్లకి అవన్నీ ఎలా గుర్తున్నాయో నాకు తెలియదు. గుప్పెడు తిన్నది. మధ్యాహ్నం చారన్నం అడిగింది. మా అమ్మ వంటింట్లో కొంగుతో కళ్ళొత్తుకోవడం చూశాను. గడ్డలు ఎవరిచ్చారని రూతు అడిగితే, అక్కడివాళ్ళు అని తప్పించుకున్నాను.

ఆ శుక్రవారం పరీక్షకి ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు, రూతు బయట కూర్చున్నాక నేను లోపలికి పోయి డాక్టరమ్మగారిని ఎడమ కాలి సంగతి అడిగాను. అది తల్లినించి కూతురికి వచ్చేదేనా అన్నాను. ఆమె నవ్వి, "ఏం మేష్టారూ, ఈ నెలల్లో చాలామందికి వాచేది ఎడమ కాలే. దానికి వంశంతో పని లేదు" అంది.

అంతే, నా సాక్ష్యం కాస్తా పోయింది. ఇంటికొచ్చి ఇక దాచలేక రూతుని కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పాను, మాట తప్పినందుకు తిట్టమని కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు. నేను వేళ్ళు మడిచి లెక్క చెప్పాను. ముడి చూస్తే మూడిళ్ళది. కాలు చూస్తే సగం మంది ఆడవాళ్ళది. ఆమె బిడ్డ చచ్చిపోయిందని ఊరంతా అంటోంది, ఆమే అంది. నెల్లూరు ఆసుపత్రికి ఆ ఏడు ఎన్ని పల్లెల నుంచి ఎంతమంది పిల్లలు వచ్చారో మనకి తెలియదు. ఎటు చూసినా రుజువు లేదు, కాదనడానికీ లేదు. నేను ఎంత ఆలోచించినా తేలడం లేదు రూతూ, నన్ను క్షమించు అన్నాను.

రూతు, "వాళ్ళ పల్లె నుంచి బస్సు ఆగే చోటికి ఎంత దూరం?" అంది.

"నాలుగు మైళ్ళు. అంతా ఇసకే."

"పోయేటప్పుడు బండి ఏమైనా ఉందా?"

"లేదు. నడిచే పోయింది."

"వెంట ఎవరైనా వచ్చారా?"

"ఒక్కతే వచ్చింది."

ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"చచ్చిపోయిన బిడ్డ కోసం ఎవరూ ఎనిమిది మైళ్ళు నడవరండీ" అంది. "మీ లెక్క మీరు నిదానంగా తేల్చుకోండి. మా అమ్మ బతికే ఉంది."